ఈ ఏడు వంతు జకియాది

అమీర్‌పేట,
జనవరి 19, 2025

మామకు, అత్తమ్మకు దండాలు.

మామా, నన్ను టీమ్ లీడర్‌ను చేశారు. జీతం పెద్దగా పెరగలేదు గానీ కుర్చీకి చేతులు వచ్చాయి. ఈ సంగతి ఫోన్‌లో చెబితే అత్తమ్మ నీ చెవిలో అరిచి చెప్పిందట, నువ్వేమో "మంచిది, పిల్లగాడు ఏం చేస్తడు?" అన్నావట. పెళ్లి కాదు మామా, ఉద్యోగం. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఒక జీవితకాలం ప్రెస్ మిషన్ల పక్కన నిలబడి, రిటైరయ్యే రోజు చెవులు అక్కడే అప్పగించి వచ్చిన మనిషికి ఫోన్లేం పనికొస్తాయి? అందుకే జాబు రాస్తున్నాను. మా ఆఫీసులో అడ్రస్ అచ్చు వేసిన కవర్లు మూలన పడి ఉన్నాయి. వాటికి ఇన్నాళ్లకు మోక్షం.

మా పని నీకు తెలుసు కదా. నీళ్ల ఫిల్టర్లు కొన్నవాళ్లు ఫోన్ చేస్తే పంజాగుట్టలో కూర్చుని మేము జవాబు చెబుతాం. పోయిన ఏడు నీకు తక్కువ ధరకు ఇప్పించిన ఫిల్టర్ మా కంపెనీదే. ఇప్పుడు నా కింద ఆరుగురు ఉన్నారు. మార్చి ముగిసేసరికి వాళ్లలో ఎవరు ఎంత బాగా చేశారో నేను రాసి పంపాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆరుగురిలో ఒకరిని తప్పనిసరిగా అట్టడుగున పెట్టాలి. "అందరూ బాగానే చేశారు" అంటే పైవాళ్లు ఒప్పుకోరు. ఆరు రొట్టెలు కాలిస్తే ఒకటి మాడిందని రాయాల్సిందే, మాడకపోయినా సరే.

నాకు వారం రోజులు అన్నం సహించలేదు. ఎవరి పేరు రాయను? పెద్దవారు చక్రపాణి గారిదా? కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. తారక్‌దా? నోరు పెద్దది గానీ పనిలో వంక పెట్టలేం. హాస్టల్లో ఉప్మా ముందు పెట్టుకుని ఇదే ఆలోచన. ఆ ఉప్మాకు మాత్రం ఎప్పుడో అట్టడుగు మార్కు వేసేశాను.

చివరికి తారక్ నా మొహం చూసి జాలిపడ్డాడు. "మేడమ్, జర ఫికర్ చెయ్యకుండ్రి. మేం అంత సెట్ చేసుకున్నం. గీ ఏడు వంతు జకియాది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చక్రపాణి గారు విడమరిచి చెప్పారు. ఎవరో ఒకరు అట్టడుగున పడక తప్పదు కాబట్టి ఏడాదికొకరు వంతు వేసుకుంటారట! పాత లీడర్‌కూ తెలుసట. వంతు వచ్చినవాళ్లు జనవరి నుంచి మార్చి దాకా పని కాస్త పాడుచేసుకుంటారు, లెక్కలకు సరిపోవాలి కదా. బదులుగా ఏడాదంతా వాళ్ల చేత ఛాయ్ డబ్బులు ఎవరూ పెట్టించరు, ఆదివారం డ్యూటీలు మిగతావాళ్లు పంచుకుంటారు. ఎవరికీ అన్యాయం లేదు, ఎవరికీ కోపం లేదు. మా పెద్దసార్లకు ఇన్ని చదువులు చదివినా తట్టని న్యాయం వీళ్లకు ఛాయ్ బండి దగ్గర తట్టింది.

కానీ చిక్కేమిటంటే జకియాకు పని పాడుచేయడం చేతకావడం లేదు. యూసుఫ్‌గూడ పిల్ల, మాట వెన్న. కావాలని ఒక ముసలావిడను లైన్లో నిలబెట్టేసి, మనసు ఊరుకోక, భోజనం మానేసి మళ్లీ తనే ఫోన్ చేసింది. ఆవిడ ఆనందం పట్టలేక పై ఆఫీసుకు మెచ్చుకుంటూ చెప్పింది. "నాతోని కాదక్కా, అవ్వలకు కోపంగ ఎట్ల చెప్తం?" అని ఏడుపు మొహం పెడుతుంది. తారక్ రోజూ ఆమెకు విసుగ్గా నిట్టూర్చడం నేర్పిస్తున్నాడు. ఇంకా రాలేదు.

ఫ్యాక్టరీలో మీకు ఇలాంటివి ఉండేవా? తీరిగ్గా రాయి. అత్తమ్మ మోకాలు ఎలా ఉంది?

నీ మేనకోడలు,
దివ్యశ్రీ


జగిత్యాల,
జనవరి 26, 2025

చిరంజీవి దివ్యశ్రీకి మామ రాజనర్సయ్య దీవించి రాయునది.

నీ జాబు అందింది. మంగవ్వకు చదివి వినిపించాను. మోకాలు సంగతి అడిగావని మురిసిపోయి, ఆ మోకాలి చరిత్ర మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పింది. నాకు వినిపించలేదు కాబట్టి ఓపికగా విన్నాను. చెవి మిషను పెట్టించుకోమని అల్లుడు గోల పెడుతున్నాడు. నా సుఖం చూసి ఓర్వలేక అంటున్నాడని నా అనుమానం.

టీమ్ లీడర్ అయినందుకు సంతోషం. కుర్చీకి చేతులు రావడం చిన్న విషయం కాదు. మా ఫోర్‌మన్ చేతుల కుర్చీ కోసం రెండేళ్లు మొక్కుకున్నాడు. తీరా వచ్చాక దానిలో నిద్రపోతూ దొరికాడు.

మార్కుల సంగతి అడిగావు. మా రోజుల్లో ఈ మార్కులు గీర్కులు లేవు. సాయంత్రానికి ఎన్ని ముక్కలు తీశావు, ఎన్ని పాడైనాయి, అంతే. అయినా ఎవడు మంచివాడో ఎవడు దొంగో అందరికీ తెలిసేది. మీ వాళ్ల వంతుల పద్ధతి నాకు మస్తు నచ్చింది. కాలువ నీళ్లకు వంతులు పెట్టుకున్న జాతి మనది. చెడ్డపేరుకు కూడా వంతు పెట్టుకోవచ్చని తట్టిన బుర్రకు దండం పెట్టాలి.

ఆ జకియా పిల్ల మీద మాత్రం జాలేసింది. అందరూ తమ వంతు తాము మోశారు, తన వంతుకొచ్చేసరికి మంచితనం అడ్డమొచ్చి మాట తప్పేటట్టుంది. మంచి చేయడానికి ఎవడైనా సాయం చేస్తాడు, చెడగొట్టడానికే తోడు దొరకదు. నువ్వు దిగులుపడకు. నేను చేయవలసింది చేశాను. ఏం చేశానని అడగకు. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదని పెద్దలు అన్నారు. నువ్వు ఎడమచెయ్యి అనుకో.

ఉప్మా తినకు. జొన్నరొట్టె దొరికే చోటు చూసుకో.

ఆశీస్సులతో,
మామ


అమీర్‌పేట,
ఫిబ్రవరి 12, 2025

మామకు దండాలు.

నీ చమత్కారాలకు నవ్వే స్థితిలో లేను, ఏమనుకోకు. ఇక్కడ కొంప మునిగింది.

సోమవారం వరలక్ష్మి మేడమ్ లీడర్లందరినీ పిలిచింది. ఆవిడ మా ఆఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూస్తుంది. మనిషి చెడ్డది కాదు గానీ నవ్వితే జీతం కోస్తారన్నట్టు ఉంటుంది. బెంగళూరు పెద్దాఫీసు నుంచి కొత్త రూలు వచ్చిందట. ఈ ఏడు నుంచి అట్టడుగున ఉన్నవాళ్లను మందలించి వదిలేయరు. ఇంటికి పంపేస్తారు. పేరు ఏప్రిల్ మొదటి తారీఖుకు ఖాయం.

విన్నావా మామా? వంతు వేసుకున్నప్పుడు అది ఛాయ్ తాగే వంతు. ఇప్పుడు అది ఉద్యోగం పోయే వంతు. మధ్యలో జకియా ఉంది. వాళ్ల నాన్న హైదర్ గారి ఆటో మెట్రో వచ్చినప్పటి నుంచి సరిగా తిరగడం లేదు. ఇల్లు ఈ పిల్ల జీతం మీదే నడుస్తుంది. నేను బయటికొచ్చి ఆరుగురికీ చెప్పాను. తారక్ ముందు తేరుకుని "అయితే నా పేరు రాయుండ్రి మేడమ్" అన్నాడు. జకియా ఒప్పుకోలేదు. "వంతు నాదైతే నాదే. గిప్పుడు ఎనకకు పోతే నాకే ఇజ్జత్ ఉండదు" అంది. ఇజ్జత్ తింటే కడుపు నిండదని చెప్పాలనిపించింది.

సరే, ఆమె లెక్కలు ఇంకా మరీ చెడిపోలేదు, ఫిబ్రవరిలో సర్దేయవచ్చు అనుకున్నాను. అప్పుడు పిడుగు పడింది. జకియా మీద ఒక ఫిర్యాదు వచ్చింది. ఫోన్ కాదు, మెసేజ్ కాదు, కాగితం మీద చేత్తో రాసిన జాబు! ఈ ఆఫీసు పెట్టినప్పటి నుంచి అలాంటిది ఎవరూ చూడలేదట. వరలక్ష్మి మేడమ్ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచింది. "ఈ రోజుల్లో కూర్చుని జాబు రాశారంటే ఎంత బాధపడి ఉంటారో" అంటోంది. నాకు చూపించలేదు. మీ జిల్లా వైపు ఎవరో పెద్దమనిషి అట.

ఆ మహానుభావుడు ఎవరో గానీ మామా, వాడి ఫిల్టర్ కారిపోను, వాడి తిండిలో రాళ్లు పడను. జకియా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఇలాంటి అబద్ధాలు రాసే చేతులకు ఏం రోగమో.

అత్తమ్మకు నిన్న ఫోన్ చేసి విషయం చెప్పాను, నీకు చెప్పమన్నాను. చెప్పే ఉంటుంది. ఏదైనా ఉపాయం రాయి.

దివ్యశ్రీ


జగిత్యాల,
ఫిబ్రవరి 12, 2025

చిరంజీవి దివ్యశ్రీకి,

బిడ్డా, నీ ఉద్యోగం పోతుందని నిన్న మంగవ్వ చెప్పింది. "గా పిల్ల ఉద్యోగం పోతదట" అని మూడు ఇళ్లకు వినిపించేలా అరిచింది. గా పిల్ల ఎవరని అడగవలసిన పని నాకేముంది? ఈ ఇంట్లో పిల్ల అంటే నువ్వే.

రాత్రి కన్ను మూతపడలేదు. పొద్దున్నే లేచి, నువ్వు భయపడకుండా ఉండాలని, మొన్న దాచిన సంగతి ఇప్పుడు చెబుతున్నాను. జకియా వంతు నెరవేరాలని నేనే మీ ఆఫీసుకు ఒక ఫిర్యాదు జాబు రాశాను. అడ్రస్ నీ కవరు మీద ఉంది కదా. ఫిల్టర్ నా పేరున ఉంది కాబట్టి హక్కు కూడా ఉంది. తీరా రాయబోతే అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ముందు మీ నంబరుకు ఫోన్ చేసి, జకియా కావాలని అడిగి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఏం వినిపించిందో అదే రాశాను.

ఇప్పుడు నీ మీదికి వచ్చిందని తెలిసి రెండో జాబు కూడా ఇవాళే పోస్టులో వేశాను. "అదే ఆఫీసులో దివ్యశ్రీ అనే అమ్మాయి వల్లనే మీ కంపెనీ నిలబడింది, ఆమె గొంతు కంచులా మోగుతుంది, ఆమెను తీసేస్తే నా ఫిల్టర్ తిరిగి పంపేస్తాను" అని గట్టిగా రాశాను. ఫిల్టర్ పంపేస్తాననేది బెదిరింపు మాత్రమే. నీళ్లు బాగున్నాయి.

ధైర్యంగా ఉండు. మామ ఉన్నాడు.

రాజనర్సయ్య


అమీర్‌పేట,
ఫిబ్రవరి 18, 2025

మామా,

దండాలు లేవు ఈసారి.

నీ జాబు అందిన రోజే మేడమ్ నన్ను గదిలోకి పిలిచి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఆ వంకర 'ళ' చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. నేను శాపాలు పెట్టిన చెయ్యి కూడా అదేనని అప్పటికి తెలిసింది. శాపాలు వెనక్కి తీసుకుంటున్నాను. రాళ్ల శాపం మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను.

"ఫోన్లో ఆ అమ్మాయి నోరు తెరిచినట్టే లేదు. ఎంతసేపు చెవికి ఆనించినా ఒక్క ముక్క చెప్పలేదు. పెద్దవాళ్లంటే ఇంత నిర్లక్ష్యమా?" అని రాశావు. మామా, నువ్వు దేవుడికి ఫోన్ చేసినా ఇదే రాస్తావు. నీ చెవులకు అమ్మోరి జాతర డప్పే దోమ పాటలా వినిపిస్తుంది. జకియా ఆ రోజు గొంతు పోయేలా మాట్లాడిందట. "ఎవరో తాత, పాపం, హలో హలో అనుకుంట నన్నే తిట్టిండు" అని నాతో చెప్పింది కూడా. నాకు తట్టలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. పోయేది నా ఉద్యోగం కాదు. జకియాది. నువ్వు రాసిన మొదటి జాబుతో ఆమె మీద కేసు గట్టిపడింది. రెండో జాబుతో నా మీద అనుమానం వచ్చింది. "ఒకే కస్టమర్ నీ టీమ్‌లో ఒకరిని తిట్టి, నిన్ను ఆకాశానికెత్తాడు. ఎందుకు దివ్యశ్రీ?" అని మేడమ్ అడిగింది. నువ్వు నా మేనమామవని చెబితే నేనే ఫిర్యాదు రాయించానంటారు. వంతుల సంగతి చెబితే ఆరుగురికీ ముప్పు. నోరు కుట్టేసుకుని నిలబడ్డాను. జకియాను నిలబెట్టాల్సిన నేను మాట్లాడలేకపోతున్నాను మామా, అదే నన్ను తినేస్తోంది. ఆమె మాత్రం రోజూ నాకే ధైర్యం చెప్పి, ఎవరో తెలియని ఆ తాత మీద జాలిపడుతోంది.

నిన్ను ఆఫీసుకు పిలిపించి విచారిస్తామంటున్నారు. బస్సు చార్జీలు ఇస్తారట. ఉత్తరం వస్తే ఆరోగ్యం బాగాలేదని రాయి. కాదు, రాయకు. నువ్వు ఏమీ రాయకు. పెన్ను అత్తమ్మకు ఇచ్చేయి.

దివ్యశ్రీ


జగిత్యాల,
ఫిబ్రవరి 24, 2025

దివ్యా,

చదివాను. రెండుసార్లు చదివాను. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను బిడ్డా. ఒక ఆడపిల్ల నోటికాడి కూడు తీసినవాడినయ్యాను. మంగవ్వ నాతో మాట్లాడటం లేదని అల్లుడు రాసి చూపించాడు. నేను గమనించలేదు.

మీ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. మార్చి మూడున రమ్మన్నారు. వద్దని నువ్వు అన్నావు గానీ రాకుండా ఉండలేను. చెడగొట్టిన చెయ్యే బాగుచేయాలి. నువ్వు నాకు ఏమీ కావు, నేను నీకు ఏమీ కాను, వంతుల మాట నా ప్రాణం పోయినా ఎత్తను. నా నోటి మీద నాకు నమ్మకం ఉంది.

మామ


అమీర్‌పేట,
మార్చి 5, 2025

మామకు, అత్తమ్మకు దండాలు.

నువ్వు క్షేమంగా చేరావని అత్తమ్మ చెప్పింది. "పని శుభ్రంగా పూర్తి చేసుకొచ్చిన, ఎవరికీ ఏం తెల్వలేదు" అని చెప్పుకుంటున్నావట. అందుకే ఈ జాబు. ఆ గదిలో ఏం జరిగిందో నువ్వు తప్ప పంజాగుట్ట మొత్తానికి తెలుసు. నీకూ తెలియాలి.

నువ్వు తెల్లచొక్కా వేసుకుని, జేబులో ఫిల్టర్ రసీదు పెట్టుకుని పెళ్లివారిలా వచ్చి కూర్చున్నావు. వరలక్ష్మి మేడమ్ ఎంతో మర్యాదగా, నెమ్మదిగా "జకియా మీతో అమర్యాదగా మాట్లాడిందా అండీ?" అని అడిగింది. నువ్వు నవ్వుతూ తల ఊపావు. "మీరు ఈ ఫిర్యాదు ఎవరి ఒత్తిడి వల్లనైనా రాశారా?" అంది. దానికీ తల ఊపావు. "అంటే ఎవరో రాయించారా?" అంది. దానికి మరింత సంతోషంగా ఊపావు.

అప్పుడు జకియా ఛాయ్ తెచ్చింది. తెచ్చి నీ పక్కన వంగి, చెవి దగ్గర నోరు పెట్టి "తాతా, శక్కర ఎంత?" అంది. నువ్వు "జర ఎక్కువనే ఎయ్యి బిడ్డా" అన్నావు. నీకు చెవుడని మేడమ్‌కు అప్పుడు తట్టినట్టుంది, కళ్లు చిన్నవయ్యాయి. ఎవరి మాటా వినిపించడం లేదు, ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆమె మాట మాత్రం వినిపించింది. అక్కడితో ఆగితే కథ సుఖాంతం అయ్యేది.

కానీ నువ్వు నావైపు తిరిగి, నా చెవిలో రహస్యంగా ఒక మాట చెప్పావు. అది రహస్యమని నువ్వు అనుకున్నావు. మామా, వినిపించని మనిషి గుసగుస ఎలా ఉంటుందో నీకు ఎవరూ చెప్పలేదు. అద్దాల అవతల ఉన్న మూడు టీముల వాళ్లు ఫోన్లు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"బిడ్డా దివ్యా, ఫికర్ చెయ్యకు! నువ్వు నా మేనకోడలివని చెప్పలే! వంతు సంగతి సుత చెప్పలే!"

ఆ తర్వాత నువ్వు బిస్కెట్ తీసుకుని ఛాయ్‌లో ముంచుకున్నావు.

మేడమ్ నన్ను చూసి "ఏం వంతు?" అంది. ఇక దాచడం కుదరలేదు, దాచాలనిపించలేదు కూడా. మొత్తం చెప్పేశాను. తప్పు వాళ్లది కాదు, ఆరుగురూ బాగా చేస్తున్నప్పుడు ఒకరిని చెడ్డవాళ్లుగా చూపించమని అడగడమే తప్పు అన్నాను. జకియాను పంపేటట్టయితే ముందు నన్ను పంపండి అన్నాను. ఎప్పుడో అనాల్సిన మాట, అప్పటికి వచ్చింది. నువ్వు రెండో బిస్కెట్ తీసుకున్నావు.

మేడమ్ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ లేచి బీరువాలోంచి ఒక పెద్ద అట్ట తీసింది. మా టీమ్ గురించి ఏటా బెంగళూరులో చూపించే పటమట. అందులో ఏముందో చెప్పనా? "ఈ టీమ్‌లో అట్టడుగున ఉన్నవారు మరుసటి ఏడు పైకి వస్తున్నారు. మన మార్కుల పద్ధతి వల్లనే ఈ మార్పు" అని రంగుల్లో రాసి ఉంది. వంతు అయిపోయినవాళ్లు మళ్లీ మామూలుగా పని చేస్తారు కదా మామా, అది చూసి ఆ పద్ధతి గొప్పదనం అనుకున్నారు! ఈ పటం చూపించే మేడమ్‌కు పోయిన ఏడు సన్మానం కూడా జరిగింది.

ఆవిడ ఆ అట్టను చాలాసేపు చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం. చివరికి "ఈ మాట ఈ గది దాటకూడదు" అంది. అద్దాల అవతల నిలబడ్డవాళ్లు అందరూ ఒక్కసారిగా కూర్చున్నారు.

తర్వాత ఆవిడ చక్రపాణి గారిని పిలిపించి ఒకటే అడిగింది, ఈ వంతులు మొదలుపెట్టినప్పుడు మొదటి పేరు ఎలా తేల్చారని. ఆయన చేతులు కట్టుకుని, "అదేమంత కష్టం కాదండి మేడమ్ గారూ. మొదటి పేరు పెద్దవాళ్లది రాసుకోవాలండి. అందుకని నాది రాసేసుకున్నానండి. అలా రాయకపోతే వంతని ఎవరూ నమ్మరండి, కక్ష అనుకుంటారు" అన్నారు.

మేడమ్ మమ్మల్ని వెళ్లమంది. జకియా సంగతి ఏమీ తేలలేదు. ప్రాణాలు బిగబట్టుకుని ఉన్నాం.

దివ్యశ్రీ


జగిత్యాల,
మార్చి 11, 2025

దివ్యా,

నా గుసగుస అంత పెద్దదని నాకు తెలియదు. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, చావుల్లో ఎవరెవరి గురించి ఎన్ని గుసగుసలు చెప్పానో గుర్తుచేసుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. చుట్టాలు కొందరు ఎందుకు రావడం మానేశారో ఇప్పుడు అర్థమైంది. అల్లుడికి చెప్పాను, చెవి మిషను తెప్పించమని.

ఆ జకియా నాకు శక్కర ఎక్కువే వేసింది. తన కడుపు కొట్టినవాడినని తెలిసీ వేసింది. ఆ పిల్ల ఉద్యోగం నిలబడిందని నువ్వు రాసేదాకా నాకు ముద్ద దిగదు. రాసేది ఏదైనా తొందరగా రాయి.

మామ


అమీర్‌పేట,
ఏప్రిల్ 4, 2025

మామకు, అత్తమ్మకు దండాలు.

ముద్ద దిగనివ్వు మామా. జకియా ఉంది, ఉంటుంది.

ఏం జరిగిందో చెబుతాను. ఒకటో తారీఖున అట్టడుగు పేర్లన్నీ బెంగళూరు వెళ్లాయి. మా టీమ్ నుంచి జకియా పేరే వెళ్లింది. నేను రాయనని మొండికేశాను, "వంతు తప్పొద్దక్కా" అని ఆమే నా చేత రాయించింది. మధ్యాహ్నానికి పై ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. జాబితాలో ఒక పేరు చూసి వాళ్లకు మతిపోయిందట. మేడమ్ విభాగం నుంచీ ఒకరి పేరు పోవాలి కదా, అక్కడ అట్టడుగున వరలక్ష్మి అని ఉంది. స్వయంగా తనే రాసి పంపింది.

ఇంటికి పంపే కాగితాల మీద ఈ ఆఫీసులో సంతకం పెట్టే అధికారం మేడమ్‌కు ఒక్కరికే ఉంది. తనను తీసేసే కాగితం మీద తను సంతకం పెట్టుకోవడం రూల్స్ ప్రకారం కుదరదట. ఆవిడ కాగితం ఆపి మిగతావాళ్లవి పంపితే అన్యాయం అని ఎవరైనా కోర్టుకెక్కుతారట. రెండు రోజులు అక్కడ తలలు పట్టుకుని, నిన్న సాయంత్రం తేల్చారు. ఈ ఏడు ఎవరినీ పంపరు. రూలును మళ్లీ పరిశీలిస్తారట. మన దేశంలో పరిశీలనలోకి వెళ్లినది అంత త్వరగా తిరిగి రాదు కదా, అందరం ఊపిరి పీల్చుకున్నాం. తారక్ కుర్చీ ఎక్కి ఈల వేశాడు. జకియా మాత్రం చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజులూ ఏడవలేదు మామా.

నేను థాంక్స్ చెప్పడానికి మేడమ్ గదికి వెళ్లాను. అంత ధైర్యం ఎలా చేశారని అడిగాను. ఆవిడ నన్ను కూర్చోమంది. ఇదివరకు ఎప్పుడూ అనలేదు.

"నా దగ్గర మధులత అని పని చేసేది, గుర్తుందా? మూడేళ్లు వరసగా అట్టడుగున ఆమె పేరే రాశాను. జనవరిలో మానేసి వెళ్లిపోయింది" అంది. నాకు గుర్తుంది, తల వంచుకుని నడిచే పిల్ల. పని సరిగా రాదేమో అనుకునేవాళ్లం.

"పని రాక కాదు దివ్యశ్రీ. ఆమె పేరు రాస్తే ఎదురు మాట్లాడదు కాబట్టి రాశాను" అంది.

ఆవిడ ఫోన్ తీసుకుని, నన్ను వెళ్లేటప్పుడు తలుపు వేసి వెళ్లమంది. అద్దంలోంచి చూస్తే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుని ఉంది. అవతల ఎత్తారో లేదో తెలియదు. అప్పుడు ఆవిడ పెదాలు కదిలాయి. "మధులతా, నేను వరలక్ష్మిని" అన్నట్టు అనిపించింది.

నీ మేనకోడలు,
దివ్యశ్రీ